కత్తెర పడని ఫైలు

లీలారాణి పంపిన ఫైలు సోమవారం పొద్దున్నే రమేష్‌బాబు బల్ల మీదికి వచ్చింది. మధ్యాహ్నం దాకా అతను దాన్ని ముట్టుకోలేదు. టీ తాగాడు. పాత బిల్లులు చూశాడు. ఊడిపోయిన కిటికీ కొక్కేన్ని తనే కూర్చుని బిగించాడు. ఫైలు అక్కడే ఉంది.

విజయనగరం కంటోన్మెంటులో ఆ కంపెనీ ఆఫీసు. అందులో అంచనాల విభాగం రమేష్‌బాబుది. ఎవరు ఏ పనికి ఎంత అడిగినా, ఆ కాగితం ఎం.డి. ధనరాజ్ దగ్గరికి పోయేలోపు రమేష్‌బాబు ఎర్రసిరా కలం కింద నుంచి పోవాలి. అతను కోస్తాడు. కోసిన మొత్తాన్ని చివరి పేజీలో ఎర్రసిరాతో వేసి కింద గీత గీస్తాడు. ధనరాజ్ లోపలి పేజీలు చదవడు. చివరి పేజీ తిప్పి, ఎర్ర అంకె చూసి, సంతకం పెడతాడు. ఇది అందరికీ తెలుసు కాబట్టి అందరూ పావు వంతు ఎక్కువ రాసి పంపుతారు. ఆ పావు వంతును రమేష్‌బాబు కోస్తాడు. అడిగినవాళ్ళకి కావలసింది వస్తుంది, కోసినవాడికి పేరొస్తుంది, మిగిల్చానని యజమాని నిద్రపోతాడు. ఏళ్ళ తరబడి ఆ ఆఫీసు అలాగే నడిచింది. వెనకాల అతన్ని కత్తెర అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు; ధనరాజ్ అయితే మొహం మీదే అంటాడు. అనుకోనీ అనుకున్నాడు.

ఈ ఫైలు సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున కంపెనీ కాస్టిక్ సోడా ప్లాంటు పెట్టాలనుకుంటోంది. వెయ్యి కోట్ల పని. కట్టాలా వద్దా అని బోర్డు తేల్చే ముందు తొలిదశ డిజైన్ జరగాలి. ఏ యంత్రం ఎంత ఉండాలి, ఏ గొట్టం ఎటు పోవాలి, నేల ఎంత బరువు మోస్తుంది, తయారీలో పుట్టే క్లోరిన్ బయటికొస్తే గాలి దాన్ని ఏ ఊరి మీదికి తోస్తుంది, ఇవన్నీ ముందు కాగితం మీద తేలాలి. తేలాక బోర్డు వద్దంటే అప్పటిదాకా పెట్టిందంతా నీళ్ళపాలు. అందుకే యజమానులకి ఈ ఖర్చంటే గిట్టదు. ఆ ఆఫీసు అలవాటు, ప్లాంటు ఖర్చులో నూటికి ఒక రూపాయి. లీలారాణి మూడు అడిగింది.

తొలిదశ డిజైన్ ఎవరు చేస్తే రేపు ప్లాంటు కట్టేటప్పుడు ప్రాజెక్టు హెడ్ కుర్చీ వాళ్ళదే. ఆ కుర్చీ తనదని రమేష్‌బాబు లెక్క వేసుకున్నాడు. గజపతినగరంలో అత్తవారింట చెప్పుకున్నాడు కూడా. ఉగాది వెళ్ళాక ధనరాజ్ ఆ పని లీలారాణికి అప్పగించాడు. ఆమె ట్రైనీగా వచ్చినప్పుడు అంచనా వేయడం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది రమేష్‌బాబే. అప్పగించిన రోజు ధనరాజ్ అతన్ని గదిలోకి పిలిచాడు.

"ఆ అమ్మాయి సూస్తాది, కత్తెరా. తన వల్ల కాకపోతే నువ్వే కదా" అన్నాడు.

రమేష్‌బాబు మొదటి మాట మరిచిపోయాడు. రెండో మాట మరవలేదు.

ఆ తరవాత ఆమె గదికి ఏసీ పెట్టారు. అతని గదిలో ఫ్యాను. ప్లాంటు స్థలం చూడడానికి వెళ్ళిన రోజు ధనరాజ్ తన కారులో ఆమెను ఎక్కించుకున్నాడు, దారిలో ఏవో అడగాలని. రమేష్‌బాబు వెనక జీపులో వెళ్ళాడు. రణస్థలం దాటాక మట్టిరోడ్డు. ముందు కారు లేపిన దుమ్ము జీపులోకి వచ్చింది. స్థలం దగ్గర దిగాక లీలారాణి తన నీళ్ళ సీసా ఇచ్చి "మొహం కడుక్కోండి సార్" అంది. అతను కడుక్కున్నాడు. ఆ నీళ్ళు కూడా అతనికి గుర్తున్నాయి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫైలు తెరిచాడు. నేరుగా మూడు చోట్లు చూశాడు: నేల పరీక్ష, యంత్రాల కంపెనీల నుంచి తెప్పించే డ్రాయింగులు, ప్రయాణాలు. అదనం దాచాలంటే ఆ మూడు చోట్లే దాచాలని ఆమెకు నేర్పింది తనే. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. ప్రతి ఖర్చు పక్కనా ఎవరిని అడిగిందో, వాళ్ళు ఎంత చెప్పారో రాసి ఉంది. చెప్పినదానికి ఒక్క రూపాయి ఎక్కువ లేదు. కోస్తే తోలు కాదు, కండ తెగుతుంది.

సాయంత్రం లీలారాణి తలుపు దగ్గర నిలబడింది.

"సూసేరేటి సార్?"

"సూసేను. నాకేటీ ఉంచలేదేటమ్మా?"

ఆమె నవ్వింది. "ఈసారి కలపలేదు సార్. కలిపి రాసి, మీరు కోసి, చివరికి అసలు ఖర్చెంతో ఎవరికీ తెలీకుండా పోతాది. ఇది అలాటి పని కాదు కదా."

"నేను నేర్పింది అలాగ కాదు."

"మీరు నేర్పింది రెండు రకాలు సార్. దాచడం నేర్పేరు, లెక్క కట్టడం నేర్పేరు. నేను రెండోది తీసుకున్నాను."

అతను ఫైలు వైపు చూశాడు. "నేల పరీక్షకి బోర్లు ముందే వేయాలని రాసేవు. ఆషాఢం రాకముందే శంకుస్థాపన. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టేసేరు. సార్ చుట్టాలందరికీ ఫోన్లు చేసేసేరు."

"తెలుసు సార్. బోర్లు వేసి, నివేదిక వచ్చేసరికి ఆ ముహూర్తం దాటిపోతాది. శ్రావణంలో పెట్టుకోవాలి."

"అది ఆయనకి నువ్వు సెప్తావా?"

"ఫైలు సెప్తాది కదా" అని, గుమ్మంలోనే ఒక క్షణం ఆగింది. "మీరు కోసేస్తే బోర్లు పోతాయి సార్. కొయ్యొద్దని అడగను. అది మీ పని."

ఆమె వెళ్ళాక అతను కలం మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు.

ఇంట్లో రాజకుమారి చేపల కూర వండింది. శృంగవరపుకోటలో పెరిగిన మనిషి, నోట్లో మాట ఆగదు. కంచం ముందు పెట్టి, మొగుడి మొహం చూసింది.

"ఏటి, ఆ గుంట గురించేనా?"

"ఏ గుంట?"

"మీ లీలారాణి. మొన్న మార్కెట్లో కనబడింది. అక్కా అని సంచి అందుకుంది. ఏటి మనిషండీ. అంత పెద్ద పని నెత్తినేసుకుని కూడా మొహంలో అలుపు లేదు."

"ఏసీ గదిలో కూసుంటే అలుపెందుకుంటాది."

రాజకుమారి గరిటె ఆపింది. "ఓలమ్మో! ఏసీ మీదా మీ ఏడుపు? మనింట్లో ఉన్నదే మీరు ఆపేస్తారు కదా, కరెంటు బిల్లని."

అతను చేప ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ముల్లు గుచ్చుకుంది. నీళ్ళు తాగాడు.

చెయ్యి కడుక్కుంటూ ఉండగా అతనికి ఆలోచన వచ్చింది. కోస్తే ఏమవుతుంది? నేల బోర్లు తీసేసి, డ్రాయింగులు సగానికి తెచ్చి, చివరి పేజీలో ఎర్ర అంకె వేస్తే ధనరాజ్ ఎప్పటిలాగే సంతకం పెడతాడు. లీలారాణికి తక్కువే వస్తుంది, కానీ కుర్చీ ఉంటుంది. అంటే కోస్తే ఆమెను కాపాడినట్టు. కోయకపోతే? ముప్పై కోట్లు, ఎర్ర గీత లేకుండా, పైగా ముహూర్తం దాటిపోయే పని. ధనరాజ్ ఫైళ్ళు విసిరే మనిషి. ఒకసారి కూలింగ్ టవర్ అంచనా విసిరితే ఆఫీసులో టీ ఇచ్చే దేముడమ్మ మెట్ల కింద దాకా పోయి కాగితాలు ఏరింది. ఆ టవర్ అంచనా వేసినవాడు ఇప్పుడు గోడౌన్ చూస్తున్నాడు.

ఇక తను చేయవలసింది ఏమీ లేదు. ఏమీ చేయకపోవడమే పని. రమేష్‌బాబు తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. ఆ రాత్రి ఏసీ వేశాడు. రాజకుమారి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని అతని నుదురు పట్టుకుని చూసింది.

మర్నాడు చివరి పేజీలో నల్లసిరాతో "పరిశీలించాను. పూర్తిగా ఆమోదించవచ్చు" అని రాసి, సంతకం పెట్టి, ఫైలు పైకి పంపాడు.

గురువారం ధనరాజ్ ఇద్దరినీ పిలిచాడు. అతనిది పలాస వైపు, జీడిపప్పు వ్యాపారం చేసిన కుటుంబం. కోట్లు చూసినా మాట మారలేదు. ఫైలు ముందు పెట్టుకుని, అలవాటు ప్రకారం చివరి పేజీ తిప్పాడు. ఎర్ర అంకె కోసం వెతికాడు. వెనక్కి తిప్పాడు. పేజీ అంటుకుపోయిందేమోనని వేలు తడి చేసుకుని విడదీసి చూశాడు.

"కత్తెరా, ఒంట్లో బాగున్నాదేటి?"

"బాగానే ఉన్నాను సార్."

"మరేటిది? కోత ఏదీ?"

"కొయ్యడానికేం కనబడలేదు సార్."

రమేష్‌బాబు కళ్ళు దించుకున్నాడు. ఫైలు ఎగురుతుందని ఎదురు చూశాడు. టీ తెచ్చిన దేముడమ్మ కూడా గ్లాసులు బల్ల మీద పెట్టకుండా గోడకి జరిగింది.

ఫైలు ఎగరలేదు. ధనరాజ్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చివరి పేజీలో చూడడానికి ఏమీ లేదు కాబట్టి మొదటి పేజీ తెరిచాడు. చదవడం మొదలెట్టాడు. అతను ఒక అంచనా లోపలి పేజీలు చదవడం ఆ గదిలో ఎవరూ చూసి ఉండలేదు. వేలు పెట్టుకుని వరస తరవాత వరస చదివాడు. దేముడమ్మ గ్లాసులు పెట్టేసి వెళ్ళింది. టీ మీద మీగడ కట్టింది.

నేల పరీక్ష దగ్గర వేలు ఆగింది.

"ఇదేటమ్మా? రాయి వెయ్యకముందే బోర్లా? ముహూర్తం పోతాది కదా. ముందు రాయి వేసుకుందాం. తరవాత నీ బోర్లు ఎన్నైనా వేసుకో. ఏటి నష్టం?"

గొంతు పెరిగింది. ఇదే ఆ క్షణం. రమేష్‌బాబు ఊరుకుంటే చాలు.

లీలారాణి కాగితాల్లోంచి ఒక పటం తీసింది. అది పాత సర్వే పటం. స్థలం మధ్యలోంచి ఒక గీత పోతోంది. ఒకప్పుడు గెడ్డ, చిన్న వాగు, పారిన దారి అది. ఇసక పూడి మెరకై, తరవాత జీడితోట అయింది. ఆ పటం సంగతి రమేష్‌బాబుకి తెలుసు. ఈ కంపెనీకి ఆ పటం కలెక్టరాఫీసు నుంచి తెచ్చిందే తను. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, ఈశాన్యం మూల వేలు పెట్టి, నోరు తెరవబోయింది. ఇంకో క్షణంలో ఆ మాట ఆమె చెబుతుంది. తను తెచ్చిన పటం మీద, తను నేర్పిన లెక్క, ఆమె నోట. ధనరాజ్ ఆమె వైపే చూస్తున్నాడు.

"రాయి తియ్యాల్సొస్తాది సార్" అన్నాడు రమేష్‌బాబు.

ధనరాజ్ తల తిప్పాడు. "ఏటీ?"

ఇక ఆగడం కుదరలేదు. "సిద్ధాంతిగారు రాయి పెట్టమన్న ఈశాన్యం మూల కిందే పాత గెడ్డ ఉన్నాది. మీరు రాయి వేసేసేక బోరు వేస్తే, అక్కడ బురద తగిలిందనుకోండి. ప్లాంటు అక్కణ్ణుంచి జరపాలి. ప్లాంటు జరిగితే రాయి జరగాలి. పూజ చేసి నిలబెట్టిన రాయి పెకలించాలి."

ధనరాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్ళ నాన్న పెట్టిన జీడి ఫ్యాక్టరీ శంకుస్థాపన రాయికి ఇప్పటికీ గంధం రాసి ఉంటుంది. ఏడాదికోసారి ధనరాజే వెళ్ళి రాస్తాడు.

"రాయి తియ్యడమా" అన్నాడు, తనలో తాను. తరవాత లీలారాణి వైపు చూశాడు. "నీకు ముహూర్తాలంటే నమ్మకం లేదేమో, అందుకే ఇలా రాసేవనుకున్నాను."

"నాకు లేకపోయినా మీకున్నాది కదా సార్. అందుకే ముందు వెయ్యమన్నాను" అంది ఆమె. ఆమె తండ్రి బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించేవాడు.

ధనరాజ్ నవ్వాడు. చివరి పేజీ తిప్పి, రమేష్‌బాబు నల్లసిరా సంతకం కింద తన సంతకం పెట్టాడు.

"ఇన్నేళ్ళలో కత్తెర పడని ఫైలు ఇదొక్కటే. వీడే కొయ్యలేదంటే ఇంక కొయ్యడానికి నేనెవణ్ణి? అమ్మా, డిజైను నీదే, రేపు ప్లాంటూ నీదే. కత్తెరా, ఖర్చులు సూడ్డానికి నువ్వు ఆవిడతో ఉండు. ఇద్దరూ కలిస్తే నాకు నిశ్చింత."

మెట్ల దగ్గర లీలారాణి ఆగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సార్, నేను చాలా భయపడ్డాను. మీరు కోసేస్తారనుకున్నాను. కొయ్యకపోగా అక్కడ నా పక్షాన మాట్లాడేరు. నేనే సెప్పుంటే ఆయన వినేవాడు కాదు."

"అదేటీ లేదులేమ్మా" అన్నాడు రమేష్‌బాబు. అందులో అబద్ధం లేదు.

సాయంత్రానికి ఆమె ఇంటికి స్వీటు పెట్టె పంపింది. రాజకుమారి విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"మొత్తానికి మంచి పని సేసేరు. మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను. తినండి."

అతను తిన్నాడు. తియ్యగానే ఉంది. అదే అతనికి మింగుడు పడలేదు.

జ్యేష్ఠం వెళ్ళేలోగా బోర్లు వేశారు. ఈశాన్యం మూలకి రమేష్‌బాబు కూడా వెళ్ళాడు, జీపులో. గొట్టం పైకి తీసి తట్టితే నల్లటి బంకమట్టి జారి పడింది. ఇంకా దిగితే ఇంకా అదే. పడమటి వైపు మెరకలో మాత్రం గట్టి నేల తగిలింది. ధనరాజ్ చెప్పు కొనతో ఆ మట్టిని నొక్కి చూశాడు. చెప్పు దిగింది.

"కత్తెర సెప్పినట్టే అయ్యింది" అన్నాడు అక్కడున్న అందరితో. ఆ తరవాత లీలారాణిని పిలిచి, "పడమటికి జరిపితే ఏటేటి మారతాదో కారులో సెప్పు" అన్నాడు. కారు తలుపు పడింది. రమేష్‌బాబు జీపు ఎక్కి, డ్రైవరుతో అద్దాలు పైకెత్తమన్నాడు. జీపుకి అద్దాలు లేవు.

శ్రావణంలో పడమటి మూల శంకుస్థాపనకి ముహూర్తం పెట్టారు. ఆ రోజు ఖర్చుల అంచనా లీలారాణి సంతకంతో అతని బల్ల మీదికి వచ్చింది. షామియానా, కుర్చీలు, మైకు, పూజ సామాను, వచ్చినవాళ్ళకి మజ్జిగ. ఇందులోనూ ఆమె కలపలేదు. రమేష్‌బాబు రెండుసార్లు చదివాడు. ఎర్రసిరా కలం తీసి మజ్జిగ కొట్టేశాడు.

గంటలో ఫోను మోగింది.

"మజ్జిగ కోసేసేరేటి సార్?"

"కోసేను."

"అమ్మయ్య. కోత మానేసేరు, ఒంట్లో బాలేదేమోనని దేముడమ్మ అంటన్నాది" అని లీలారాణి నవ్వింది. "కానీ సార్, ఊళ్ళోవాళ్ళందరూ వస్తారు. ఎండలో నిలబడతారు."

"నీ గదిలో ఏసీ ఉన్నాది కదా. అక్కడికి రమ్మను."

అనేశాక అతనికి తెలిసింది, ఏమన్నాడో. అవతల నవ్వు ఆగింది. ఫోనులో ఎవరో టైపు కొడుతున్న చప్పుడు వినబడుతోంది. అతను రిసీవర్ మార్చి రెండో చెవికి పెట్టుకున్నాడు.

"సార్" అంది లీలారాణి. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. "ఆ ఏసీ నేను అడగలేదు."

"తెలుసు."

"ఆ కుర్చీ కూడా."

"అదీ తెలుసు."

"ఆ రోజు ఫైలు ఎందుకు కొయ్యలేదు సార్?"

రమేష్‌బాబు కిటికీ వైపు చూశాడు. తను బిగించిన కొక్కెం మళ్ళీ ఊడి వేలాడుతోంది. ఆమె జవాబు కోసం ఆగింది. ఎంతసేపు ఆగినా ఈ సంగతి ఆమెకి ఇప్పుడు సగం తెలుసని, మిగతా సగం తను చెప్పలేడని అతనికి అర్థమైంది.

"మజ్జిగ ఉంచు" అన్నాడు. "సగం."

"సగం సాలదు సార్."

"ముప్పావు."

"సరే" అంది ఆమె. ఫోను పెట్టేసింది.

రమేష్‌బాబు కొట్టేసిన గీత పక్కన ముప్పావు రాశాడు. చివరి పేజీ తిప్పాడు. మిగిలిన పావు వంతు మజ్జిగ ఖరీదు ఎర్రసిరాతో వేసి, కింద గీత గీశాడు.